మల్లినేని వాళ్ళ దొంగ మనవరాలు

కోవిల్‌పట్టి బస్టాండులో సీటు పట్టడానికి ఒక పద్ధతి ఉంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి ఏదో ఒకటి లోపల పడేయాలి. చేతిరుమాలు, టిఫిన్ డబ్బా, గొడుగు, ఏదైనా సరే. ఏ వస్తువు ఏ సీట్లో పడితే ఆ సీటు ఆ వస్తువు యజమానిది. దీనికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు. అయినా చట్టాల కన్నా బాగా అమలవుతుంది.

ఆ రోజు పొద్దున విరుదునగర్ బస్సులోకి సంగవి తన బ్యాగు పడేసింది. జనాన్ని తోసుకుని లోపలికొచ్చేసరికి ఆ సీట్లో పొడుగాటి అబ్బాయొకడు కూర్చుని ఉన్నాడు. బ్యాగు అతని ఒళ్ళో ఉంది.

"లేవండి, అది నా సీటు."

"మీ బ్యాగు నా నెత్తిన పడింది. అంటే అప్పటికే నేను కూర్చుని ఉన్నానని అర్థం. ముందు స్వాధీనం నాది."

"స్వాధీనమా? లాయరా మీరు?"

"కాదు. ఇవాళే యూనివర్సిటీలో చేరుతున్నాను. జర్నలిజం అండ్ క్రిమినల్ జస్టిస్."

సంగవి కూడా ఆ రోజు చేరబోతున్నది ఆ కోర్సులోనే. ఖర్మ కాకపోతే ఏమిటి.

ఈ పోట్లాటంతా తమిళంలో జరిగింది, నేను తెలుగులో చెబుతున్నాను. తమిళనాడులో తెలుగు కుటుంబాలున్న ఆ ఊళ్ళలో గడప దాటితే అందరిదీ తమిళమే. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది, అవ్వల దగ్గర నేర్చుకునేది. ఎవరింట్లో తెలుగుందో మొహం మీద రాసి ఉండదు.

సంగవి కమ్మీ పట్టుకుని నిలబడి, చిన్నమ్మ కూతురు పాండిసెల్వికి ఫోన్ చేసింది. ఈసారి తెలుగులో. బస్సులో ఎవడికీ అర్థం కాదన్న ధీమాతో గొంతు కూడా తగ్గించలేదు.

"ఏమే, ఒకడు నా సీట్లో కూకోని ఉండాడు. చెవులు చూస్తివంటే చేటలే. మొకం ముద్దపప్పు. నోరు తెరిస్తే సెక్షను చెప్తాడు."

ఆ చేట చెవుల యజమాని పేరు రాఘవేంద్రన్. విళాత్తికుళం పక్క నల్లరేగడి పల్లె. చదువు కోసం కోవిల్‌పట్టిలో చిన్నమ్మ ఇంట్లో దిగాడు. అతని ఇంట్లో కూడా పుట్టినప్పటి నుంచి తెలుగే. చేటలూ అర్థమయ్యాయి, ముద్దపప్పూ అర్థమైంది. "నేనూ తెలుగేనండీ" అని అప్పుడే అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మనం వేరే పని చూసుకునేవాళ్ళం. కానీ అతనికి నవ్వొచ్చింది. నవ్వు కనపడకుండా కిటికీ వైపు తిరిగాడు. మొదటి రోజు చెప్పని మాట రెండో రోజు చెప్పడం కష్టం. మూడో ఏడాది వచ్చేసరికి ఇక చెప్పేదేమీ ఉండదు, దాచుకోవడమే.

ఆ కోర్సుదొక విచిత్రమైన కాపురం. పొద్దున జర్నలిజం క్లాసులో "పేరు, ఊరు లేకుండా వార్త రాసుకొస్తే చింపేస్తాను" అంటారు. మధ్యాహ్నం క్రిమినల్ జస్టిస్ క్లాసులో "రుజువయ్యేదాకా పేరెత్తితే తాట తీస్తాను" అంటారు. రెండు క్లాసులూ చెప్పేది ఒక్కరే, అళగర్‌సామి సారు.

సారు మొదటి రోజే రెండు సూత్రాలు చెప్పారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు మీరెవరో నిజం చెప్పండి. ఒకరు చెప్పిన మాట ఇంకొకరి దగ్గర విచారించకుండా నమ్మకండి. రెండు క్లాసులకూ ఈ రెండే అన్నారు.

సంగవి పొద్దుటి క్లాసు మనిషి. నాన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఎప్పటికైనా పేపర్లో వార్త కింద తన పేరు చూసుకోవాలి, నాన్న దాన్ని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాలి. ఇదీ ఆమె కోరిక. రాఘవేంద్రన్ మధ్యాహ్నం క్లాసు మనిషి, ఎస్సై పరీక్ష రాయాలనుకుంటున్నాడు. క్లాసులో వీళ్ళిద్దరూ వాదించుకోని రోజు ఉంటే ఆ రోజు సెలవన్నమాట.

బస్సులో మాత్రం అతను ఆమె వెనక సీట్లో కూర్చుని, కదలకుండా వినేవాడు. పాండిసెల్వికి రోజూ అతని గురించి ఒక రిపోర్టు వెళ్ళేది. నడక ఒంటెది. నవ్వు మాత్రం పరవాలేదు. ఒక రోజైతే ఇలా విన్నాడు.

"ఏమాటకామాట చెప్పాలే. నీలం చొక్కా ఏస్తే చూసేకి బాగుంటాడు."

మర్నాడు నీలం చొక్కా. ఆ మర్నాడూ నీలం చొక్కా. వారం తిరిగేసరికి ఫోనులో రిపోర్టు మారింది. "పావమే, వానికి ఉండేది ఒకటే చొక్కా మాదిరి ఉంది."

ఆఖరి సెమిస్టరులో అళగర్‌సామి సారు జంటప్రాజెక్టు పెట్టారు. ఒక నిజమైన నేరం తీసుకోవాలి. దాన్ని ఒకరు వార్తలా రాయాలి, ఒకరు కేసులా పరిశీలించాలి. అన్నిటిలో మంచిదాన్ని మదురైలో ఒక పేపరు ఆదివారం పేజీలో వేస్తుంది, రాసినవాళ్ళకు ఇంటర్న్‌షిప్ కూడా ఇస్తుంది. ఎవరికి ఎవరు జతో సారే చదివారు. సంగవికి రాఘవేంద్రన్ పేరు వచ్చింది. క్లాసంతా బల్లలు చరిచింది.

"కోవిల్‌పట్టిలో బైకు దొంగతనాలు తీసుకుందాం. స్టేషన్‌లో లెక్కలు దొరుకుతాయి" అన్నాడతను.

"లెక్కలు ఎవరు చదువుతారు? మనిషి కథ కావాలి. నా దగ్గరొకటి ఉంది."

"ఏమిటది?"

"చెప్పను. ముందు తెస్తాను, తర్వాత నోరు వెళ్ళబెడుదువు గాని."

ఆమె దగ్గరున్నది వాళ్ళమ్మ సంతలో విన్న సంగతి. విళాత్తికుళం దారిలో ఒక ఊళ్ళో, ఒకప్పుడు ఒక ముసలావిడ మిరపకాయల దొంగను పోలీసుల్లేకుండా తానే పట్టుకుని, తానే తీర్పు చెప్పిందట. ఆ దొంగ ఎవరో ఎవరికీ చెప్పలేదట. ఆవిడ పేరు వెళ్ళైయమ్మాళ్.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సంగవి ఒక్కతే ఆ ఊళ్ళో దిగింది. బస్సు ఆగేచోట టీ అంగడి. అంగడాయన పేరు ముత్తుపాండి అని బోర్డు మీదే ఉంది. టీ తాగుతూ, వెళ్ళైయమ్మాళ్ అవ్వ ఇల్లెక్కడ, దొంగ కథ చెప్తుందా అని తమిళంలో అడిగింది. టీ ఎత్తి పోస్తున్న అతని చెయ్యి ఒక్కక్షణం ఆగింది.

"మల్లినేని వాళ్ళ అవ్వా? నీలం గేటు. కానీ ఆ కథ బయటివాళ్ళకి చెప్పదు పాపా. వాళ్ళ ఇంటిపేరు వాళ్ళెవరైనా అడిగితే చెప్తుందేమో."

అలా చెప్తే వెనక్కి పోతుందనుకున్నాడు. కానీ సంగవికి అది దారి చూపించినట్టయింది.

నల్లరేగడి నేల మీద కళ్ళం నిండా పండు మిరపకాయలు పరిచి ఉన్నాయి. అవ్వ వాటి మధ్య ముక్కాలిపీట వేసుకుని, తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది. సంగవి తెలుగులోనే పలకరించింది. ఆ ఊళ్ళలో తెలుగువాళ్ళు తెలుగువాళ్ళను చూస్తే మొదట అడిగేది పేరు కాదు, ఇంటిపేరు. అది ఒకటే అయితే ఒక ఇంటివాళ్ళు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. వేరే అయితే చుట్టాలు కాగలవాళ్ళు. మనిషిని ఏ పీట మీద కూర్చోబెట్టాలో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

"ఏ ఇంటి పిల్లవమ్మీ నువ్వు?"

సంగవి వాళ్ళది కొండపనేని. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది. "మల్లినేని వాండ్లం అవ్వా. మా తాతది ఎట్టయాపురం పక్క."

అవ్వ చేతిలో కాయలు కింద పోసింది. "అట్ల చెప్పు. మనింటి పిల్లవేనా? ఆడ ఎందుకు నిలబడితివి? దా, ఈడ కూకో. మజ్జిగ తాగుతువు."

సంగవి వెళ్ళి పక్కన కూర్చుంది. ఒక్క అబద్ధమే కదా, ఎవరికి నష్టం అని సర్ది చెప్పుకుంది. మజ్జిగ తాగింది. అవ్వను అడిగే ఫోన్‌లో రికార్డింగు పెట్టింది. మనవరాలు అడిగితే అవ్వ కాదంటుందా?

"తెల్లారి చూస్తే కళ్ళంలో ఒక మూట లేదు" అని మొదలుపెట్టింది అవ్వ. "నేను అరవలే. అరిస్తే దొంగ పరిగెత్తుతాడు. గమ్మున పోయి కోవిల్‌పట్టి బస్సు ఎక్కితిని. ఎండుమిరపకాయ అమ్మాలంటే ఆడికే కదా పోవాల. బస్సులో అందరూ బాగుండారు. ఆఖరి వరసలో మాత్రం అందరూ తుమ్ముతా ఉండారు. నడిమి ఒకడు దుప్పటి కప్పిన మూట పెట్టుకోని, తుమ్ము ఆపుకోని, మొకం వంకాయ చేసుకోని కూకోని ఉండాడు."

సంగవి పడీ పడీ నవ్వింది.

"నేను పోయి వాని పక్కన కూకుంటిని. కండక్టరు వస్తే ఇద్దరికీ నేనే టికెట్టు తీస్తిని. పక్క స్టాపులో దిగరా అంటే దిగె. పోలీసుకి ఇస్తావా అని ఏడ్చె. పోలీసు నాలుగు తంతాడు, అప్పుడు నా కళ్ళం ఎవరు కాస్తారు, ఈ సీజనంతా నువ్వే కాయాల అంటిని. దొంగకి తెలిసినట్టు కావలి ఇంకెవరికి తెలుస్తాది?"

"కాసినాడా అవ్వా?"

"ఒక్క కాయ పోలేదు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా వాడు ఇంకొకరి వస్తువు తాకలే. బస్సు దగ్గర టీ అంగడి పెట్టుకోని ఉండాడే, ముత్తుపాండి, వాడే." అవ్వ గొంతు తగ్గించింది. "వాని పేరు ఎవరికీ చెప్పనని మాట ఇస్తిని. నువ్వు మనింటి పిల్లవని చెప్తా ఉండా. ఈ గోడ దాటకూడదు."

సంగవి ఫోన్ వైపు చూసింది, అది ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అప్పుడే నీలం గేటు తెరుచుకుంది. భుజం మీద గోనెసంచులు, ఒంటి మీద నీలం చొక్కా.

"అవ్వా, సంచులు ఎక్కడ ఏసేది?" అన్నాడు రాఘవేంద్రన్. అచ్చమైన ఇంటి తెలుగులో.

ఆదివారం పూట అతను అవ్వ దగ్గరికి వస్తాడని, అది అతని ఊరని, ఆ అవ్వ అతని సొంత అవ్వని, అన్నిటికన్నా ఘోరం అతనికి తెలుగు వచ్చని సంగవికి ఒకేసారి తెలిసింది. మూడేళ్ళ ఫోన్ కాల్స్ అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"రాగవా, దా. ఎవరు వచ్చిందో చూడు" అంది అవ్వ సంబరంగా. "మల్లినేని వాండ్ల పిల్లంట. నీకు చెల్లెలు అయితాది."

రాఘవేంద్రన్ చేతిలో గోనెసంచులు కింద పడ్డాయి. అతనికి సంగవిది కొండపనేని అని తెలుసు. మూడేళ్ళు వెనక సీట్లో కూర్చున్నవాడికి ఆమె ఇంటి పిల్లి పేరు కూడా తెలుసు.

పొద్దు వాలాక అవ్వ చెప్పింది. "చెల్లెల్ని బస్సెక్కించి రారా."

టీ అంగడికి కాస్త ఇవతలే సంగవి ఆగింది.

"నీకు తెలుగు వస్తాదా?" అంది.

"పుట్టినప్పటి నుంచి."

"అట్లయితే బస్సులో..."

"చేట చెవులు. ముద్దపప్పు. ఒంటె నడక. నీలం చొక్కా." ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నాకు చొక్కాలు ఆరుండాయి."

సంగవికి అక్కడే రేగడిలో గుంత తవ్వుకుని దూకాలనిపించింది. ఆ కోపం అతని మీదే చూపించింది. "మూడేళ్ళు గమ్మున కూకోని వింటివే, అది మోసం కాదా?"

"నేను దాచితిని. నువ్వు చెప్తివి. దాచేదానికీ అబద్ధం చెప్పేదానికీ..."

"సెక్షను చెప్పొద్దు" అని బస్సెక్కేసింది.

కోపం ఉన్నా కథ మాత్రం అద్భుతంగా రాసింది. దొంగ పేరు మార్చింది. టీ అంగడి తీసేసింది. చిత్తు చదివి అళగర్‌సామి సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సోమవారం ఫైనల్ కాపీ ఇవ్వు. మదురై వాళ్ళు ఇదే తీసుకుంటారు" అన్నారు. సంగవి ఇంటికెళ్ళి నాన్నకు చెప్పింది. నాన్న ఆ సాయంత్రం వీధిలో అందరికీ మిఠాయి పంచాడు.

ఆ శుక్రవారం బస్సు సాత్తూర్‌లో ఆగింది. కీరదోసకాయలు అమ్మేవాళ్ళు కిటికీలకు ఎగబడ్డారు. రాఘవేంద్రన్ రెండు కొని, కారం చల్లించి ఒకటి ఆమెకిచ్చాడు. దాపరికం పోయింది కాబట్టి ఇప్పుడు పక్క సీట్లోనే కూర్చుంటున్నాడు, తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు.

"ఈ కథ ఇవ్వొద్దు" అన్నాడు.

"పేరు మార్చినా కదా."

"దొంగ పేరు మారిస్తివి. నీ పేరు? అవ్వ చెప్పింది మల్లినేని పిల్లకి. ఆ పిల్ల లేనే లేదు. ఇంటి పిల్లనని ఆశ చూపించి తీసుకున్న వాంగ్మూలం కోర్టులో చెల్లదు."

"అవ్వకి నిజం చెప్తే తలుపు మూసేస్తాది. కథ పోతాది, మదురై పోతాది, మా నాయన పంచిన మిఠాయి పోతాది. చెప్పకుంటే ఎవరికి నష్టం? నీకేంది నష్టం?"

"నాకా?" దోసకాయ అలాగే పట్టుకుని కిటికీలోంచి చూశాడు. "చెప్పకుంటే జన్మంతా నేను నీకు అన్న."

కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలింది. సంగవి చేతిలో దోసకాయ విరుదునగర్ దాకా అలాగే ఉండిపోయింది. ఫోన్ రెండుసార్లు మోగినా తీయలేదు. పాండిసెల్వికి ఆ రోజు రిపోర్టు లేదు.

ఆదివారం ఆమె నీలం గేటు తీసేసరికి రాఘవేంద్రన్ గోనెలు కుడుతున్నాడు. అతని వైపు చూడలేదు. నేరుగా అవ్వ ముందు కింద కూర్చుంది.

"అవ్వా, నేను మల్లినేని పిల్లని కాదు. మీరు కథ చెప్తారని అబద్ధం చెప్తిని. పేపరుకి రాసేకి వస్తిని. తప్పు."

అవ్వ చేతిలో కాయలు కింద పెట్టింది. తిట్టలేదు. అరవలేదు. ఆమె మొహంలోకి చూసింది.

"మనింటి పిల్లని చెప్పినా నీకు" అంది. "వానికి మాట ఇచ్చినా."

ఆ గొంతు విని సంగవికి కన్నీళ్ళొచ్చాయి. ఫోన్ తీసి అవ్వ చూస్తుండగానే రికార్డింగు చెరిపేసింది. రాసిన కాగితాలు తీసి అవ్వ ఒళ్ళో పెట్టింది. అవ్వ వాటిని పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

రాఘవేంద్రన్ సూదీ దారం వదిలేసి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.  ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. అవ్వ చేతిలో ఒక తలగుడ్డ, ఒక కర్ర.

"పట్టు" అంది. "మూట ఎత్తినోడు కళ్ళం కాసె. నువ్వు నా మాట ఎత్తితివి. నీకు వేరే న్యాయమా? సీజను అయ్యేదాకా ఆదివారమాదివారం దా. మేకలు వస్తే తరుము. తాలుకాయలు ఏరు."

సంగవి కళ్ళు తుడుచుకుని తలగుడ్డ చుట్టుకుంది.

సోమవారం వాళ్ళు, రాఘవేంద్రన్ ముందే తెచ్చి పెట్టుకున్న బైకు దొంగతనాల లెక్కలు ఇచ్చారు. సారు మొదటి పేజీ చూసి, వాళ్ళిద్దరి మొహాలు చూసి, ఏమీ అడగకుండా పక్కన పెట్టారు. మదురై ఇంటర్న్‌షిప్ క్లాసులో సింధుజ అనే అమ్మాయికి వెళ్ళింది. ఆ రోజు బస్సులో సంగవి సాత్తూర్ దాకా ఏడ్చింది. నాన్నకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాక ఆయన "మిఠాయి బాగుందని అందరూ చెప్పిరి, అది చాల్లే" అన్నాడు.

ఇక ఆదివారాలు. అవ్వ ఆమెతో అవసరానికి మించి మాట్లాడేది కాదు. ఇంటిపేరు మాత్రం అడగలేదు. రాఘవేంద్రన్‌కు అదే బెంగ. అవ్వ అడిగితే కదా కొండపనేని అని తెలిసేది, తెలిస్తే కదా చుట్టరికం తేలేది.

"నువ్వే చెప్పేయి" అన్నాడు ఒకసారి గుసగుసగా.

"ఒకసారి చెప్పి అయింది కదా. రెండోసారి చెప్తే నమ్ముతాదా?"

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఎండ ఎండగానే ఉండగా తూర్పున మబ్బు లేచింది. ఆ నేలకు వానంటే పండగే, కళ్ళంలో కాయలున్నప్పుడు తప్ప. అవ్వ లోపలి నుంచి "తార్పాయి, తార్పాయి" అని కేకలు. ఇద్దరూ పరిగెత్తారు. చేతులతోనే కాయలు కుప్ప చేశారు, తార్పాయి కప్పారు, మూలల్లో రాళ్ళు పెట్టారు. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. నేల వాసన, మిరపకాయల ఘాటు కలిసి లేచాయి. ఇద్దరూ చూరు కిందికి వచ్చి పడ్డారు, తుమ్ములు, నవ్వులు.

"కళ్ళు తుడవొద్దు, చేతులకి కారం" అంటూనే ఉంది సంగవి. రాఘవేంద్రన్ అప్పటికే తుడిచేసుకున్నాడు.

ఇక చూడాలి అతని అవస్థ. కళ్ళు మూసుకుని గంతులు వేశాడు. ఎస్సై కాబోయేవాడు అవ్వ పీట తన్నుకుని కూలబడ్డాడు. సంగవి చేతులు కడుక్కుని, చూరు నుంచి కారే నీళ్ళు దోసిట పట్టి అతని మొహం మీద పోసింది.

"ఏడుస్తా ఉండావా?"

"మిరపకాయ. నువ్వు?"

"నాకూ మిరపకాయే."

ఇంకో దోసిలి పోసింది. అతను కళ్ళు తెరవలేదు. "సంగవీ, ఒకటి చెప్పాల. కళ్ళు కనపడలేదు కదా, ఇప్పుడైతే ధైర్యంగా ఉంది."

"చెప్పు."

"నువ్వంటే ఇష్టం."

"అన్నలు అట్ల చెప్పకూడదు."

"సంగవీ."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, తలగుడ్డ కొసతో అతని కళ్ళు మెల్లగా అద్దింది. "ఎప్పటి నుంచి?"

"చేట చెవుల పొద్దు నుంచి."

"అంత తిట్టినా కూడానా? రోషం లేదు నీకు." కాసేపు వాన చూసింది. "నాకు నీలం చొక్కా నుంచి. ఒకటే చొక్కా ఉందనుకోని పావమని మొదలైంది. ఆరుండాయని తెలిసేసరికి ఆలస్యమైపోయింది."

సీజను ఆఖరి ఆదివారం వచ్చింది. మూటలు కట్టి బండికెక్కించారు. బస్సు దగ్గర ముత్తుపాండి సంగవికి టీ ఇచ్చి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, మొదటిసారి తెలుగులో మాట్లాడాడు.

"నా కథ రాస్తివంట. మళ్ళా ఇచ్చేస్తివంట. అవ్వ చెప్పె. నన్ను ఎందుకు పాపా అడగలే?"

సంగవి గ్లాసు కింద పెట్టింది. నిజమే. అందరూ ఆయన పేరు దాచడం గురించే మాట్లాడారు, ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

"అణ్ణాచ్చీ, నా పేరు సంగవి. కొండపనేని వాండ్లం. జర్నలిజం చదువుతా ఉండా. మీ కథ రాసేదా?"

"రాయి. పేరుతో రాయి. నా మనవండ్లకి నేను ఎట్ల బాగుపడితినో తెలియాల కదా. ఈ టీ బాయిలరు ఎవరు కొనిచ్చిరనుకుంటివి? అవ్వే. అది ఆమె చెప్పి ఉండదు."

చెప్పలేదు. ఆ కథ మదురై పేపర్లో రాలేదు, గడువు ఎప్పుడో దాటిపోయింది. యూనివర్సిటీలో వాళ్ళ డిపార్టుమెంటు పేపర్లో వచ్చింది, నాలుగు పేజీల చిన్న పేపరు. కింద పేరు సంగవి. నాన్న దాన్ని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాడు. ముత్తుపాండి ఒక కాపీకి ఫ్రేము కట్టించి బాయిలరు పైన తగిలించాడు, టీ తాగేవాళ్ళందరికీ తానే చదివి వినిపిస్తున్నాడు.

పేపరు ఇవ్వడానికి సంగవి నీలం గేటు తీసింది. కళ్ళం ఖాళీగా ఉంది. శిక్ష అయిపోయింది, ఇక రావడానికి కారణం లేదు. అవ్వ పీట మీద కూర్చుని పేపరు తిరగేసి, బొమ్మ చూసి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. రాఘవేంద్రన్ గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. నీలం చొక్కానే.

"అవ్వా" అన్నాడు గొంతు సవరించుకుని. "సంగవి వాండ్ల ఇంటిపేరు ఏందని నువ్వు అడగనే లేదు."

"ఎందుకు అడగాల? కొండపనేని. వాండ్ల నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. మంచివాడంట. వాండ్లమ్మ ఊరు కళుగుమలై. ఇంట్లో ఒక పిల్లి కూడా ఉందంట."

ఇద్దరూ నోరు తెరిచి చూశారు.

"ఎట్ల తెలుసు అవ్వా?" అంది సంగవి.

"నువ్వు నిజం చెప్పిన పొద్దే ముత్తుపాండిని కోవిల్‌పట్టికి పంపితిని. విచారించుకోని వచ్చె. నిన్ను అడిగితే ఇంకో ఇంటిపేరు చెప్తివంటే?" అవ్వ తాపీగా తమలపాకు మడిచింది. "ఒకరు చెప్పింది నమ్మకూడదు, ఇంకొకరి దగ్గర విచారించాల. మీ కాలేజీలో ఇది కూడా చెప్పలేదా?"

"చెప్పిరి అవ్వా" అంది సంగవి తలొంచుకుని.

"అప్పుడే తెలిసిందా?" రాఘవేంద్రన్ గుమ్మం దిగి వచ్చాడు. "మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"చెప్తే కళ్ళం ఎవరు కాస్తారు?" ఆకు నోట్లో పెట్టుకుని అవ్వ ఆమెకు దగ్గరగా రమ్మని సైగ చేసింది. నల్లబడిన వేళ్ళతో ఆమె గడ్డం పట్టుకుని ఎత్తి చూసింది. "శుక్రవారం మీ నాయన్ని ఇంట్లో ఉండమను. నేను వస్తా. ఈసారి నేను ఎవరో ముందే చెప్పి కూకుంటా."

 సంగవి వంగి అవ్వ కాళ్ళకు దండం పెట్టింది. లేచేసరికి కళ్ళనిండా నీళ్ళు, కళ్ళంలో ఒక్క మిరపకాయ కూడా లేదు.

పొద్దు వాలుతోంది. కోవిల్‌పట్టి బస్సు హారన్ దూరంగా వినిపించింది. అవ్వ మనవడి వైపు తిరిగింది.

"ఇంకా ఏంది చూస్తా నిలబడితివి? పో. మరదల్ని బస్సెక్కించి రా."